భాగస్తులు లేని మిల్లు

అరకు సంతవీధిలో కనకమహాలక్ష్మి కొట్టుకి రెండు తలుపులుండేవి. ముందు తలుపు దగ్గర ఉప్పు, కిరసనాయిలు, గొడుగులు, రబ్బరు చెప్పులు అమ్మేది. వెనక తలుపు దగ్గర కొండల మీంచి దిగిన చింతపండు, పిప్పళ్ళు, ఎండు కాఫీ కొనేది. ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్ళు నేల కొనకూడదన్న చట్టం రాకముందే, ఆమె మావగారు శృంగవరపుకోట నుంచి ఘాటీ ఎక్కి వచ్చి కట్టిన కొట్టు అది. భర్త పోయాక అది మరిది చేతిలోకి పోకుండా పంతం పట్టి తానే గల్లా ముందు కూర్చుంది. నోరు పెద్దది. ఆ నోటికి సంతలో అందరూ జడిసేవారు గాని, ఆమె కాటాకి వంక పెట్టినవాళ్ళు మాత్రం లేరు.

2002 జనవరిలో, కాఫీ దిగుతున్న రోజుల్లో, ఒక సంత పూట వెనక తలుపు దగ్గర ఎవరో అమ్మాయి వంగి కాఫీ కుప్పలోంచి కాయలు ఏరి వాసన చూడటం కనకం కంటపడింది. పొడుగ్గా, సన్నగా, చామనచాయకి ఒక వాసి ఎక్కువ నలుపుగా ఉంది. తలకి తెల్లటి గుడ్డ చుట్టుకుంది. కేరళ నుంచి వచ్చిన నర్సమ్మ కాబోలనుకుంది కనకం. ఆ అమ్మాయి ఒక కాయని పళ్ళ మధ్య పెట్టి కొరికి, మొహం చిట్లించి పక్కకి ఉమ్మేసింది.

"ఏటే గుంటా, ఏటా కొరుకుడు? కొంతావా, ఊరికే సూసి పోతావా?"

"సూత్తన్నానప్పా. ఇందల పచ్చికాయ, పండుకాయ, కుళ్ళుకాయ అన్నీ కలిసిపోనాయి. మంచి సరుకుని ఇలాగ పాడు సేసేత్తన్నారేటి?"

అక్కని పిలిచినట్టు 'అప్పా' అన్న ఆ పిలుపు విని కనకం తల పైకెత్తి చూసింది. మొహం చూస్తే ఈ వైపు మనిషి కాదు. మాట చూస్తే విశాఖపట్నం రేవు పక్కన పుట్టిపెరిగినట్టుంది.

ఆ అమ్మాయి పేరు గెనెత్. ఇథియోపియా దేశం. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకోడానికి వచ్చి, అయిదారేళ్ళు విశాఖలోనే ఉండిపోయింది. హాస్టల్ మెస్సులో వంట చేసే ఆవిడే ఆమెకి తెలుగు నేర్పిన గురువు. అందుకే ఆ యాస. వాళ్ళ తాతలనాటి నుంచి కాఫీ చెట్ల కిందే పుట్టి పెరిగిన కుటుంబం. స్నేహితులతో రైలెక్కి బొర్రా గుహలు చూడ్డానికి వచ్చి, కొండ ఎక్కాక కిటికీలోంచి సిల్వర్ ఓక్ చెట్ల నీడన ఎర్రగా పండిన కాఫీ మొక్కలు కనబడేసరికి గుహల దగ్గర దిగకుండా అరకు దాకా వచ్చేశానని చెప్పింది.

"మా ఊరు కొండలు కూడా ఇలాగే ఉంతాయప్పా. కళ్ళమ్మట నీళ్ళొచ్చీసినాయి."

కనకం ఆమెకి ఒక గ్లాసుడు టీ ఇప్పించి పంపేసింది. పేరు నోరు తిరగక "గన్నెమ్మ" అని పిలిచింది. ఆ పేరే తర్వాత కొండలన్నిటా నిలిచిపోయింది.

మళ్ళీ రాదనుకుంది. వానలు మొదలయ్యేసరికి వచ్చింది. విశాఖలో ఒక కంపెనీ పెట్టానంది. ఇక్కడి కాఫీ కొని, తనకి తెలిసిన పద్ధతిలో ఎండబెట్టించి, వేయించి అమ్ముతానంది. వాటాదారులెవరని కనకం అడిగితే తానూ, అడ్డిస్ అబాబాలో ఉన్న తన అక్కా అంది. చట్టానికి ఇద్దరుండాలి గనక అక్కది సంతకం వరకే, నడిపేది తానొక్కతే. తండ్రి పోయాక వచ్చిన ఇంటిని అమ్మి ఆ డబ్బు పెట్టుబడిగా తెచ్చింది.

కనకం వ్యాపారం తెలిసిన మనిషి. ఆ క్షణాన్నే లెక్క వేసుకుంది. "ఇదిగో గన్నెమ్మా, నీకిక్కడ కాకి తెలీదు, కుక్క తెలీదు. ఏ కొండోడు ఏటంటే ఏటో నీకు తెలీదు. నా కొట్టెనక షెడ్డుంది. సరుకు నువ్వు సూసుకో, మనుసుల్ని నాను సూసుకుంతాను. సెరి సగం."

"వద్దప్పా," అంది గెనెత్ నెమ్మదిగా. "నాకు భాగస్తులొద్దు."

ఆ మాట కనకానికి చెంపదెబ్బలా తగిలింది. సంతలో సగంమంది తనతో పొత్తు కోసం ఎదురు చూస్తుంటారు. దేశం కాని దేశం నుంచి ఒంటిగా వచ్చిన ఈ గుంట వద్దంటుందా! "సరే, ఎన్నాళ్ళుంతావో సూత్తాను," అని లోపలికెళ్ళిపోయింది.

ఒక్క కనకమే కాదు, అందరూ అదే చెప్పారు. విశాఖలో ఏ ఆఫీసు గుమ్మం ఎక్కినా మొదటి ప్రశ్న "మీ లోకల్ పార్టనర్ ఎవరమ్మా?" అనే. ఎవరూ లేరంటే అధికారి తల పైకెత్తి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ అడిగేవాడు. ఆ కాగితం లేదు, ఈ ముద్ర లేదు అని వెనక్కి పంపితే ఆమె తెచ్చుకుని మళ్ళీ వచ్చేది. విసుక్కునేది కాదు, బతిమాలేది కాదు. "చట్టంలో లోకల్ పార్టనర్ లేకుండా పెట్టుకోవచ్చనే ఉంది సార్. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి," అనేది. చివరికి ఆ గుమాస్తాలే ఆమెని చూడగానే కుర్చీ లాగడం మొదలుపెట్టారని తర్వాత కనకం విన్నది.

కాఫీ వేయించే షెడ్డు ఎక్కడ వేయాలన్నది పెద్ద చిక్కయింది. అరకులో గిరిజనుడు కానివాడికి నేల అమ్మడానికి గాని, అద్దెకివ్వడానికి గాని వీల్లేదు. దానికి కొండమీద అందరికీ తెలిసిన దొడ్డిదారి ఒకటుంది. నేల ఎవరో ఒక గిరిజనుడి పేరున ఉంటుంది, అనుభవించేది వేరొకడు. ఆ పనులు కుదిర్చే పోలయ్య అనే దళారి, ఒక సంత రోజున గాసి అనే కొండదొర తెగ రైతుని వెంటబెట్టుకుని కనకం కొట్టుకే వచ్చాడు. గెనెత్ అక్కడ ఉప్పు కొంటోంది.

"అమ్మా, ఈడు గాసి. రోడ్డు పక్క బూవుంది ఈడికి. షెడ్డీడి పేరున, కరెంటు మీటరీడి పేరున. వేలిముద్దర నానేయిత్తాను. మీకే బెంగా లేదు," అన్నాడు పోలయ్య.

గెనెత్ పోలయ్యని దాటి ముందుకొచ్చింది. గాసి వైపు తిరిగింది. "అన్నా, నీ పేరు మీద షెడ్డుంటే అది ఎవరిది?"

గాసి నవ్వాడు. నలభై ఏళ్ళుంటాయి, బక్కపల్చటి మనిషి. "నా పేరుమీదుంటే నాదే గదమ్మా. పేరొక్కటే నీది అంతన్నాడు పోలయ్య బాబు."

"నీకు ఇష్టమేనా?"

గాసి నవ్వు ఆపాడు. "మా తాత పేరున కూడా ఒక బూవుండీదమ్మా. పేరు తాతది, పంట సావుకారిది. ఆకరికి ఆ బూవిలోకే మేం కూలికెల్లీవోళ్ళం."

గెనెత్ ఉప్పు సంచీ కింద పెట్టింది. "అయితే నాకొద్దన్నా. నీ పేరు నీ దగ్గరే ఉంచుకో," అంది. పోలయ్య ఏదో చెప్పబోతే, "మా దేశంలో మా తాత ఇంటిని రాత్రికి రాత్రి వేరొకళ్ళ పేరున రాసేసుకున్నారు బాబూ. అది ఎలాగుంటాదో నాకు తెలుసు," అని ముగించింది.

గల్లా ముందు కూర్చున్న కనకం ఇదంతా విన్నది. తెలివితక్కువ గుంట అనుకుంది. అనుకుంది గాని, ఆ పూట గాసి కొట్టులోంచి బయటికి వెళ్తూ ఆ అమ్మాయి వైపు వెనక్కి తిరిగి చూసిన చూపు ఆమెకి చాలా రోజులు గుర్తుండిపోయింది. అన్నేళ్ళుగా తన దగ్గర ఉప్పు కొంటున్నాడు గాసి. తనవైపు ఎన్నడూ అలా చూడలేదు.

ఆ తర్వాత గెనెత్ మళ్ళీ వచ్చి అడిగింది, శృంగవరపుకోటలో మూతపడి ఉన్న మీ మావగారి బియ్యం మిల్లు అద్దెకిస్తారా అని. కోట ఘాటీ కింద, ఏజెన్సీ హద్దు దాటాక ఉంటుంది. అక్కడ ఏ దొడ్డిదారీ అక్కర్లేదు. కనకం ఒప్పుకుంది. దయతో కాదు. రెండేళ్ళలో ఈ పిల్ల మూటాముల్లె సర్దుకుపోతుంది, పడిపోతున్న పైకప్పు బాగవుతుంది, బిగించిన మరలు తనకి మిగులుతాయి. అదీ కనకం అంచనా.

వానలన్నీ గెనెత్ ఆ మిల్లులోనే ఉంది. పెంకులు తానే నిచ్చెనెక్కి సర్దింది. ఎలకలు తవ్విన నేలకి సున్నం కొట్టించింది. కాఫీ వేయించే యంత్రం కోసం కోయంబత్తూరులో బయానా ఇచ్చి వచ్చింది. పక్క వీధి ఆడవాళ్ళు మొదట్లో కిటికీల్లోంచి చూసేవారు. దసరాలకి ఆమెకి పసుపు, కుంకుమ పెట్టి గుమ్మడికాయ పులుసు పంపే దాకా వచ్చారు.

కార్తీకం వచ్చింది, కాఫీ పండటం మొదలైంది. అనంతగిరి పైన గాసి వాళ్ళ ఊరు చినగరువుకి గెనెత్ బయల్దేరుతోందని తెలిసి కనకం కూడా జీపెక్కింది. తనకి సరుకు పోసే ఊరది. ఈ గుంట అక్కడ ఏం చెప్తుందో చెవులారా వినాలి.

గాసి ఇంట్లో పొయ్యి ముందు ఊరు ఊరంతా చేరింది. గెనెత్ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. గాసి పెళ్ళాం రాజులమ్మని అడిగి ఒక ఇనప మూకుడు తీసుకుంది. తాను తెచ్చిన గింజలు అందులో వేసి కదుపుతూ కూర్చుంది. గింజలు గోధుమరంగు తిరిగి, నల్లబడి, చిటపటమన్నాయి. పొగతో పాటు లేచిన వాసనకి పిల్లలు దగ్గరికి జరిగారు. ఆమె మూకుడు పట్టుకుని ఒక్కొక్కరి మొహం దగ్గరికీ తీసుకెళ్ళి వాసన చూపించింది. వాళ్ళ దేశంలో అది మర్యాదట. ఆ తర్వాత రోట్లో దంచి, కుండలో మరిగించి అందరికీ పోసింది.

చినగరువు వాళ్ళు ఇరవై ఏళ్ళుగా కాఫీ పండిస్తున్నారు. తాగడం అదే మొదటిసారి. రాగులతో కాచిన చోడి అంబలి తాగే నోళ్ళు అవి. రాజులమ్మ ఒక గుక్క తాగి, ఆగి, ఇంకో గుక్క తాగింది.

"సేదుగుంది," అంది. "సేదెనక తీపుంది. ఇది మన సెట్టుదేనా?"

"కాదు వదినా, మా ఊరిది. మీది ఇంతకన్నా బాగుంటాది. పళ్ళు ఎర్రగా పండినవే కోయాలి. నేలమీద కాదు, వెదురు మంచెల మీద పల్చగా ఆరబోయాలి. పొద్దల్లా తిరగెయ్యాలి, మంచు పడేసరికి కప్పాలి. నెల్లాళ్ళు పడతాది."

"నెల్లాళ్ళా!" అన్నాడు గాసి. "సావుకారులు పచ్చిదే అట్టుకెల్లిపోతారు. నెల్లాళ్ళలో వానొత్తే? కుల్లిపోతే?"

అందరూ ఆమె వైపు చూశారు. కనకం కూడా చూసింది. ఇలాంటి ప్రశ్నకి వర్తకులు చెప్పే జవాబులు ఆమెకి కంఠతా వచ్చు. దేవుడున్నాడనడం, చూద్దాంలే అనడం, మాట మార్చడం.

"పద్ధతి నాది," అంది గెనెత్. "నా పద్ధతి వల్ల పాడైతే నష్టం నాది. మంచి సరుకుకి ఏ ధర చెప్పానో ఆ ధరే ఇస్తాను."

కొండ దిగుతూ జీపులో కనకం ఉండబట్టలేక అంది, "ఓలమ్మో, అలాటి మాట నోట్లోంచి ఎలాగొచ్చిందే నీకు? కాగితమ్ముక్కయినా లేదు. రేపు ఆల్లు నీ పీకమీద కూకుంతారు."

"కూచోవాలి కదప్పా మరి," అంది గెనెత్, రోడ్డు మలుపుల కేసి చూస్తూ.

ఊరంతా మంచెలు లేచాయి. ఎర్రటి పళ్ళు కొండవాలు మీద చీరలు ఆరేసినట్టు పరుచుకున్నాయి. ఆరబోసిన పళ్ళు కిస్మిస్ రంగుకి తిరుగుతున్నాయి. ఇంకొక్క వారం ఎండ కాస్తే చాలు.

అప్పుడు బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది.

పగలూ రాత్రీ తేడా లేకుండా కురిసింది వాన. అరకు సంత లేదు, రైలు లేదు. అనంతగిరి దగ్గర కొండచరియ విరిగి రోడ్డు మీద పడి బస్సులు ఆగిపోయాయి. కనకం కొట్టు తలుపులు మూసుకుని, పైకప్పు మీద వాన మోత వింటూ గెనెత్ గురించి ఆలోచించింది. పాపం అనుకుంది. ఆ వెనకే, యంత్రానికి బయానా కట్టిన సంగతి గుర్తొచ్చింది; ఆమె వెళ్ళిపోతే ఆ మర చవగ్గా తనకే దక్కుతుందనిపించింది. పాపం అనుకున్న మనసే లాభం లెక్క కూడా వేస్తోందని తెలిసి, తనమీద తనకే విసుగేసింది.

వాన తెరిపిచ్చిన రోజున పోలయ్య కొట్టుకొచ్చాడు. మంచి హుషారుగా ఉన్నాడు. చినగరువులో సరుకు చాలావరకు బూజు పట్టిందట. "ఆ నల్లపిల్ల ఇంక పైకి రాదు కనకమ్మగోరూ. విమానం ఎక్కీసుంతాది. ఆ బూజు సరుకు నాను సవగ్గా కొనీసి మంచిదాన్లో కలిపీత్తాను. మీరూ ఒక సెయ్యెయ్యండి."

కనకం గల్లాకి తాళం వేసింది. గొడుగు తీసుకుని, పోలయ్య జీపులోనే చినగరువుకి బయల్దేరింది. ఎందుకు వెళ్తోందో ఆమెకే సరిగ్గా తెలీదు.

వాళ్ళు వెళ్ళేసరికి గెనెత్ అక్కడే ఉంది. కోట వైపు నుంచి వచ్చే రోడ్డు మూసుకుపోయింది గనక, విరిగిన చరియ దాకా ఎవరి లారీలోనో వచ్చి, అక్కడ నుంచి కొండ అడ్డదారిన నడుచుకుంటూ ఎక్కింది. మోకాళ్ళ దాకా బురద. తలగుడ్డ తడిసి మెడకి అంటుకుపోయింది. ఊరివాళ్ళు వాకిళ్ళలో చేరి చూస్తున్నారు. మంచెల మీద పళ్ళు తెల్లటి బూజు కప్పుకుని, పులిసిన వాసన కొడుతున్నాయి.

ఆమె ఒక్కొక్క మంచె దగ్గరికీ వెళ్ళి, చేత్తో తీసి, వాసన చూసి, పడేస్తూ ఊరంతా తిరిగింది. తిరగడం అయ్యాక గాసి వాకిట్లోకొచ్చి కాటా తెమ్మంది.

"కాటా ఏటికమ్మా? పాడయిపోనాది కదా," అన్నాడు గాసి.

"తూచాలి కదన్నా. తూచకుండా ధరెలా కట్టను?"

బూజుపట్టినదంతా తూచింది. మంచి సరుకుకి చెప్పిన ధరే అందరికీ కట్టింది. పోలయ్య ముందుకొచ్చి ఆ కుప్ప తనకి అమ్మేయమన్నాడు. ఎంతో కొంత గిట్టుతుందన్నాడు.

"దీన్ని ఏం చేస్తావు బాబూ?"

"కలిపీత్తాను. ఎవుడికి తెల్సుతాది?"

"తాగినోడి కడుపుకి తెలుస్తాది," అంది గెనెత్. అక్కడున్నవాళ్ళ చేత గొయ్యి తవ్వించి, కుప్పంతా అందులో పోయించి మట్టి కప్పించింది. మగవాళ్ళతో పాటు తానూ పార పట్టింది. అంతసేపూ ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. మట్టి కప్పడం అయ్యాక మాత్రం కాసేపు గట్టు మీద అటు తిరిగి కూర్చుంది. ఎవరూ దగ్గరికెళ్ళలేదు.

అప్పుడు రాజులమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. "రా వొదినా, నీకోటి సూపిత్తాను," అని తన ఇంట్లోకి తీసుకెళ్ళింది. కనకం వెనకాలే వెళ్ళింది. ఆ ఇంట్లో మనుషులు పడుకునే చోటు లేదు. గోడ నుంచి గోడకి తడకలు పరిచి ఉన్నాయి. వాటి మీద పళ్ళు నల్లగా, పొడిగా, గలగల్లాడుతూ ఉన్నాయి. వాన మొదలైనప్పుడే రాజులమ్మా, చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళూ మంచెల మీది తడకల్ని వీలైనన్ని లోపలికి మోసి, పిల్లలతో వసారాలో ముడుచుకుని పడుకున్నారు.

"అన్నీ అట్టలేదు. ఇల్లు సిన్నది," అంది రాజులమ్మ, తప్పు చేసినట్టు.

గెనెత్ ఒక పండు తీసి చెవి దగ్గర ఆడించింది. లోపల గింజ పలికింది. అప్పుడు ఏడ్చింది.

కోయంబత్తూరు యంత్రానికి దాచిన డబ్బంతా చినగరువులో అయిపోయింది. ఆ సంగతి తెలిసిన మర్నాడే కనకం కోటలో మిల్లుకి వెళ్ళింది. ఈసారి లెక్కలు వేసుకుని వెళ్ళలేదు. నిజంగానే సాయం చేద్దామని వెళ్ళింది.

"మర నాను కొంతాను. అద్దె అడగను. నీ పేరే ఉండనీ బోర్డు మీద. నాకు సగం వొద్దు, నాలుగో వొంతు సాలు. ఇంక మొండితనం సెయ్యకే గన్నెమ్మా."

గెనెత్ ఆమెని కూర్చోబెట్టి, చిన్న కప్పులో కాఫీ పోసి ఇచ్చింది. తన కప్పు కూడా నింపుకుంది.

"అప్పా, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. నువ్వు నా భాగస్తురాలివై ఉంటే, ఆ బూజు సరుకుకి ధర కట్టనిచ్చేదానివా?"

కనకం అబద్ధం చెప్పబోయింది. చివరికి నిజమే చెప్పింది. "కట్టనిచ్చీదాన్ని కాను. సగవో, పావో ఇచ్చి సరిపెట్టీమనీదాన్ని."

"అది తప్పు కూడా కాదు. నీ డబ్బు కదా, నువ్వు అడ్డం పడాలి. నేను నీ మాట తోసెయ్యలేను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూచునేవాళ్ళం, ఈలోగా గాసి ముందుకెళ్ళడానికి మొహం చెల్లకుండా పోయేది." కప్పు కింద పెట్టింది. "వాన కురిసినన్నాళ్ళూ నాకు భయం వేసింది గాని, ఏం చెయ్యాలో అన్న అనుమానం రాలేదప్పా. అడగాల్సినవాళ్ళు ఎవరూ లేరు. నేను ఒంటిగా ఉండాలనుకున్నది గొప్పకి కాదు. ఇలాంటి రోజు కోసం."

కనకం కాఫీ తాగింది. ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఎవరూ తనతో ఇలా మాట్లాడలేదు. కోపం రావాలి, రాలేదు. లేచి వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి, "మరి యేటి సేత్తావు?" అని అడిగింది.

"మూకుడు ఉంది కదా," అంది గెనెత్.

అన్నట్టే ఆ ఏడాదంతా మూకుళ్ళలోనే వేయించింది. పక్క వీధి ఆడవాళ్ళు ఇద్దరు కూలికి వచ్చారు. రాజులమ్మ ఇంట్లో దక్కిన గింజలని చింతనిప్పుల మీద కొంచెం కొంచెంగా వేయించి, పొట్లాలు కట్టి, భుజాన సంచీ వేసుకుని గెనెత్ విశాఖలో వీధి వీధీ తిరిగింది. హోటళ్ళవాళ్ళు రుచి చూసి మొహాలు ముడుచుకున్నారు. చికోరీ కలిపిన చిక్కటి డికాక్షనుకి అలవాటు పడ్డ నోళ్ళకి ఇదేదో పళ్ళరసంలా తోచింది. "కాఫీలో పాలు పొయ్యాలి గాని ఇదేటమ్మా, పుల్లగా!" అని నవ్వారు. ఆమె కూడా నవ్వి ఇంకో గుమ్మం ఎక్కింది.

కొన్నది చివరికి రేవులో ఆగిన ఓడల వంటవాళ్ళు. రకరకాల దేశాల వాళ్ళు, నల్లకాఫీ తాగేవాళ్ళు. ఒకడు ఒక పొట్లం కొని, సాయంత్రానికి తిరిగొచ్చి ఉన్నవన్నీ పట్టుకెళ్ళాడు. అతను నార్వే వాడు. తన ఊళ్ళో కాఫీ వర్తకుడికి రుచి చూపించాడు. మరుసటి పంట కాలానికి ఆ వర్తకుడు స్వయంగా దిగబడ్డాడు. ఎర్రటి మొహంతో, రొప్పుతూ చినగరువు ఎక్కి, రాజులమ్మ వాకిట్లో పీట మీద కూర్చుని కాఫీ తాగాడు. ఆ ఏడు మంచెల మీద తాటాకు కప్పులు వేసి ఉన్నాయి. వాన వచ్చినా భయం లేకుండా గాసీవాళ్ళే ఆలోచించి కట్టుకున్నవి. పక్క ఊళ్ళ వాళ్ళూ మంచెలు వేశారు. గన్నెమ్మ మాట అంటే కాటాలో పెట్టిన రాయి అని సంతలో చెప్పుకోవడం కనకం తన చెవులతో విన్నది.

మూడో ఏట యంత్రం వచ్చింది. లారీలోంచి దించుతుంటే కోట వీధంతా చూడ్డానికి పోగయింది. కనకం కూడా వెళ్ళింది. ఆ మర తనదయ్యేది అన్న ఆలోచన ఒక్కసారి మెదిలి పోయింది. ఎందుకో అది బాధించలేదు. కొబ్బరికాయ కొట్టమని గెనెత్ ఆమె చేతికే ఇచ్చింది.

కనకానిది మాత్రం చూస్తూ ఊరుకునే స్వభావం కాదు. మరుసటి కార్తీకం నుంచి వెనక తలుపు దగ్గర ఎర్రపండు తప్ప వేరేది కొననని చెప్పేసింది. పోలయ్య మొత్తుకున్నాడు, వేరే కొట్టు చూసుకోమంది. అరకు కొట్టు సంత రోజులకే ఉంచి, కోటలో మావగారి నాటి మేడకి మకాం మార్చి, దాని మీద మంచెలు వేయించింది. పళ్ళు తిరగెయ్యడానికి ఎవరినీ నమ్మక, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి తానే తిరగేసేది. మొదటి విడత మాడ్చింది. రెండో విడత పులవబెట్టింది. మూడోది కొంచెం కుదిరింది. ఎవరినీ వాటాకి పిలవలేదు. మరిది వచ్చి "వదినా, కలిసి సేద్దాం" అంటే, "భోంచేసి వెళ్ళు బాబూ" అంది.

గెనెత్‌కి ఈ సంగతి తెలియకపోలేదు. తన వ్యాపారానికి పక్కలో పోటీ లేచిందని ఆమె ఏమంటుందోనని కనకానికి లోలోపల పీకుతూనే ఉంది. 2007 మాఘంలో ఒక పొద్దున్న, చిన్న డబ్బాలో తాను వేయించిన కాఫీ గింజలు పోసుకుని, ముఖం గంటు పెట్టుకుని మిల్లు గుమ్మంలో నిలబడింది.

"రుసి సూడు. మొకమాటం పడకుండా సెప్పు. బాగులేపోతే బాగులేదను."

గెనెత్ గింజలు నలిపి వాసన చూసింది. పొడి చేసింది. రెండు కప్పుల్లో పోసి, ఒకటి కనకానికిచ్చి, కళ్ళు మూసుకుని తన కప్పు తాగింది. మళ్ళీ తాగింది.

"ఏ ఊరి పండప్పా ఇది?"

"పాచిపెంట పైన ఒక ఊరు. నీకు సెప్పను."

గెనెత్ పకపకా నవ్వింది. "చెప్పకు. నా దగ్గర ఇలాంటిది లేదు. ఆ నార్వే ఆయన వచ్చే నెల వస్తన్నాడు. మీ మేడ మెట్లు ఎక్కించనా?"

"ఎక్కించు," అంది కనకం. "సరుకు నచ్చితే బేరం నానే ఆడుకుంతాను. నువ్వు మద్దిన దూరకు."

"నేనెందుకు దూరతానప్పా!"

కనకం డబ్బా మూత బిగించుకుని వీధిలోకి దిగింది. ఎండ చుర్రుమంటోంది. మేడ మీద పళ్ళు తిరగెయ్యాల్సిన వేళయింది. కొంగు నడుముకి బిగించి, ఇంటివైపు గబగబా నడిచింది.